ఐదు సెకన్ల షాక్, మూడు రోజుల మూర్ఛ

పోలీసులకు స్టన్ గన్ ఇచ్చే దేశాలలో ఒక ఆచారం స్థిరపడింది. ఆ ఆయుధాన్ని నడుముకు తగిలించుకోబోయే వ్యక్తి ముందుగా దాని దెబ్బను తన ఒంటిమీద అనుభవించాలి. కొన్నిచోట్ల ఇది తప్పనిసరి, కొన్నిచోట్ల ఐచ్ఛికం. శిక్షణార్థిని పరుపుమీద నిలబెడతారు. కింద పడిపోకుండా ఇద్దరు సహచరులు చెరొక భుజం పట్టుకుంటారు. శిక్షకుడు మీట నొక్కగానే శిక్షణార్థి కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోతాయి, గొంతునుంచి తనకే తెలియని అరుపు వెలువడుతుంది. ఐదు సెకన్లు గడవగానే అంతా ముగుస్తుంది. అతడు లేచి నిలబడతాడు, చుట్టూ ఉన్నవారు చప్పట్లు కొడతారు. ఇలాంటి ప్రదర్శనలకు పత్రికా విలేకరులను ఆహ్వానించడం, వారిలో కొందరు తామూ షాక్ తిని ఆ అనుభవాన్ని రాయడం కూడా మామూలే.

ఆ రాతలు చివరకు ఒకే తీర్పు వద్దకు చేరుతుంటాయి. బాధ భరించరానిది, అయినా క్షణికం. తుపాకీ గుండుకంటే ఇది నయం. తీర్పులో కొంత నిజం లేకపోలేదు. పారిపోతున్న నేరస్థుణ్ణి కాల్చి చంపడంకంటే కదలకుండా చేసి పట్టుకోవడం మేలే. అయితే పరుపుమీద పడిన పోలీసు అనుభవాన్ని లాకప్‌లో పడిన మనిషి అనుభవానికి సాక్ష్యంగా వాడుకోవచ్చునా అన్నది వేరే ప్రశ్న. దానికి సమాధానం వెదకడానికి మన దేశంలోనే ఒక చోటు ఉంది. అది అండమాన్.

ముందు యంత్రం సంగతి చూద్దాం. అమెరికన్ శాస్త్రజ్ఞుడు జాక్ కవర్ రూపొందించిన టేజర్‌కు 1974లో పేటెంటు లభించింది. చిన్నప్పుడు చదివిన సాహస నవలలోని కథానాయకుడి పేరును కలిపి ఆయన దానికి ఆ పేరు పెట్టాడు. నేటి నమూనాలలో పీడనంతో నింపిన వాయువు రెండు ముళ్ళను ముందుకు విసురుతుంది. వాటి వెనుక సన్నని తీగెలు ఉంటాయి. ముళ్ళు శరీరానికో బట్టలకో గుచ్చుకోగానే వలయం పూర్తవుతుంది. ప్రచారంలో వినిపించే 50,000 వోల్టులు గాలిలో నిప్పురవ్వను దూకించడానికి అవసరమైన పీడనం మాత్రమే. శరీరానికి చేరేది అందులో చిన్న భాగం. సెకనుకు సుమారు 19 స్పందనలు నరాలకు మెదడు ఇచ్చే ఆజ్ఞలను మింగేసి కండరాలను తమ అధీనంలోకి తెచ్చుకుంటాయి. ముళ్ళు విసరకుండా పరికరాన్ని నేరుగా ఒంటికి ఆనించి కాల్చే పద్ధతి ఇంకొకటి ఉంది. అందులో మనిషి స్తంభించడు. నొప్పి మాత్రమే ఉంటుంది. మొదటి పద్ధతి మనిషిని ఆపడానికి పనికివస్తుంది. రెండవది మనిషిని లొంగదీయడానికి పనికివస్తుంది. ఒకే పరికరంలో ఈ రెండూ ఉన్నాయన్న సంగతి గుర్తుంచుకోవాలి.

శిక్షణ గదిలోనూ ఇది పూర్తిగా నిరపాయం కాదు. కండరాలు బిగుసుకున్న వేగానికి వెన్నుపూసలు చిట్లిన అమెరికన్ పోలీసులు తయారీదారుపై దావాలు వేశారు. ఛాతీకి గురిపెట్టవద్దని ఆ కంపెనీయే 2009లో శిక్షణ సూచనలను మార్చుకుంది. 2007 అక్టోబరు 14న కెనడాలోని వాంకూవర్ విమానాశ్రయంలో, భాష రాక దారి తెలియక గంటల తరబడి తిరిగిన పోలండ్ వలసదారు రాబర్ట్ జెకాన్‌స్కీపై పోలీసులు మళ్ళీ మళ్ళీ టేజర్ ప్రయోగించారు. ఆయన అక్కడికక్కడే మరణించాడు. మాజీ న్యాయమూర్తి థామస్ బ్రెయిడ్‌వుడ్ విచారణ ఆ ప్రయోగానికి సమర్థన లేదని తేల్చింది. అదే ఏడాది నవంబరులో ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక సంఘం పోర్చుగల్ నివేదికను పరిశీలిస్తూ, ఈ ఆయుధం కలిగించే తీవ్రమైన నొప్పి ఒక రకమైన చిత్రహింసే అవుతుందని అభిప్రాయపడింది. పోర్చుగల్ పోలీసులకు ఆ ఆయుధం అందిందన్న వార్త మీదనే ఆ వ్యాఖ్య వచ్చింది.

ఇక అండమాన్‌కు వద్దాం. ఈనాడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, 1896లో మొదలై 1906లో ముగిసిన నిర్మాణం సెల్యులర్ జైలు. మధ్యలో ఒక కావలి బురుజు, దాని చుట్టూ చక్రపు ఆకుల్లాగా ఏడు మూడంతస్తుల భవనాలు, ఒక గదిలోని ఖైదీకి ఎదుటి గదిలోని ఖైదీ ముఖం కనబడని ఏర్పాటు. 1909 తరువాత బెంగాల్ విప్లవకారులు ఇక్కడికి రావడం మొదలైంది. వారిలో ఉల్లాస్కర్ దత్తు ఒకడు. 1885లో పుట్టిన ఆయన అలీపూర్ బాంబు కేసులో బాంబుల తయారీలో నిపుణుడిగా పేరుపడ్డాడు. 1909 మేలో బారీంద్ర కుమార్ ఘోష్‌తోపాటు ఆయనకూ ఉరిశిక్ష పడింది. శిక్ష విన్న తరువాత కోర్టులో పాట పాడి నవ్వుతూ నిలబడ్డ యువకుడిగా నాటి బెంగాల్ ఆయనను గుర్తుపెట్టుకుంది. హైకోర్టులో ఉరిశిక్ష యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మారింది.

జైలర్ డేవిడ్ బారీ రాజ్యంలో రాజకీయ ఖైదీలకు ప్రత్యేక మర్యాదలేమీ లేవు. ఎద్దుకు బదులు మనిషిని కట్టిన నూనె గానుగ తిప్పాలి, రోజుకు ఇంతని నూనె కొలిచి ఇవ్వాలి, కొబ్బరి పీచు దంచాలి. కొందరిని బయటి శిబిరాలకు పంపి ఇటుక బట్టీలలో పని చేయించారు. 1912 ఏప్రిల్‌లో ఇందు భూషణ్ రాయ్ తన గదిలో ఉరివేసుకున్నాడు. ఆ వేసవిలోనే ఉల్లాస్కర్ ఇక పని చేయనని తెగేసి చెప్పాడు. శిక్షగా చేతులను గోడకు పైకెత్తి బేడీలు వేసి నిలబెట్టారు. ఒళ్ళు కాలిపోయే జ్వరంతో ఆయన ఆ బేడీలలోనే స్పృహ తప్పాడు. మతి చలించిన స్థితిలో ఆసుపత్రికి తరలించారు.

ఆసుపత్రిలో ఏమి జరిగిందో ఉల్లాస్కర్ తరువాత తన జైలు జ్ఞాపకాలలో రాశాడు. బారీంద్ర, సావర్కర్ వంటి తోటి ఖైదీల పుస్తకాలలోనూ ఆయన దుస్థితి ప్రస్తావన ఉంది. వైద్యాధికారి బ్యాటరీ తెప్పించి ఆయన ఒంటికి కరెంటు పెట్టాడు. నరనరాన్నీ కోసుకుంటూ మెరుపు దూసుకుపోయినట్లనిపించిందనీ, తన నోట ఎన్నడూ రాని మాటలు వచ్చాయనీ, ఎన్నడూ అరవనంతగా అరిచాననీ, ఆ తరువాత మూడు రోజులు స్పృహలేకుండా పడి ఉన్నాననీ ఆయన చెప్పిన సారాంశం. అది వైద్యమా, వేషం వేస్తున్నాడేమోనని పెట్టిన పరీక్షా, శిక్షా? ఖైదీల రాతలు చదివినవారికి మూడూ కలిసిపోయి కనిపిస్తాయి. పిచ్చి నటిస్తున్నాడన్న అనుమానం జైలు పాలకులకు ఉండేదని వాటినిబట్టి తెలుస్తుంది. ప్రభుత్వం మాత్రం ఆ ఉన్మాదానికి కారణం మలేరియా అన్నది.

ఉల్లాస్కర్‌ను మొదట ద్వీపంలోని పిచ్చాసుపత్రిలో ఉంచి, 1913లో మద్రాసుకు పంపించారు. నాటి తెలుగు జిల్లాలకు కూడా రాజధాని అయిన మద్రాసులో, కీల్పాక్ గోడల మధ్య, ఆయన విడుదలయ్యేదాకా ఏళ్ళు గడిపాడు. మన పెద్దలు చదువులకూ వ్యాజ్యాలకూ పత్రికలకూ తిరిగిన ఆ నగరంలోనే ఆ మనిషి ఉన్నాడు. 1920లో విడుదలై, చివరకు 1965లో సిల్చర్‌లో కన్నుమూశాడు.

ఆ వైద్యాధికారి ఒక్కడే క్రూరుడు అనుకుంటే చరిత్ర మనకు అందదు. బ్యాటరీ నాటి వైద్యుని పెట్టెలో మామూలు వస్తువు. పక్షవాతానికీ మూర్ఛలకూ దానిని వాడేవారు. కొద్ది ఏళ్ళకే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. కందకాలలో మతి చెడి మాట పడిపోయిన, కాళ్ళు చచ్చుబడిన సైనికులకు జర్మనీ, ఆస్ట్రియా, బ్రిటన్, ఫ్రాన్స్ వైద్యులు కరెంటు పెట్టారు. నయమయ్యేదాకా నొప్పి ఆపేది లేదన్నదే ఆ చికిత్స సూత్రం. యుద్ధం ముగిసిన తరువాత, 1920లో, ప్రఖ్యాత వైద్యుడు వాగ్నర్ యావురెగ్‌పై వియన్నాలో విచారణ జరిగింది. నిపుణుడిగా హాజరైన సిగ్మండ్ ఫ్రాయిడ్, ఆ వైద్యులు సైనికుణ్ణి రోగిగా కాక యుద్ధానికి ఎగవేతదారుగా చూశారన్న అర్థంలో అభిప్రాయం చెప్పాడు. యావురెగ్ నిర్దోషిగా బయటపడ్డాడు, 1927లో నోబెల్ బహుమతి కూడా అందుకున్నాడు, వేరే పరిశోధనకు. గానుగ తిప్పనన్న ఖైదీ, తుపాకీ పట్టలేని సైనికుడు, ఇద్దరి విషయంలోనూ వైద్యుడు యజమాని ప్రశ్ననే అడిగాడు: వీడు మళ్ళీ పనికి వస్తాడా, రాడా? నేటి మానసిక వైద్యంలో మత్తుమందు ఇచ్చి, రోగి అంగీకారంతో చేసే విద్యుత్ చికిత్స దీనికి పూర్తిగా భిన్నం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు ఇవ్వకుండా ఆ చికిత్స చేయడాన్ని నిషేధించింది. కరెంటు అదే అయినా అంగీకారం, మత్తు ఉన్నచోట అది వైద్యమైంది.

మరి హింసకు విద్యుత్తే ఎందుకు అనువైంది? దీనికి సమాధానం తెలుగువారి చరిత్రలోనే మొదలుపెట్టవచ్చు. 19వ శతాబ్దపు మధ్యకాలంలో మద్రాసు రాజధానిలో శిస్తు వసూలుకూ నేరాంగీకారానికీ చిత్రహింస నిత్యకృత్యం. మెడను కాళ్ళకు వంచి కట్టి ఎండలో నిలబెట్టే అనుందల్, కర్రల మధ్య వేళ్ళు నొక్కే కిట్టి ఆనాటి రెవెన్యూ సిబ్బందికి తెలిసిన పనిముట్లు. తెలుగు వర్తకుడు, క్రెసెంట్ పత్రిక స్థాపకుడు, మద్రాసు నేటివ్ అసోసియేషన్ నిర్మాత గాజుల లక్ష్మీనరసు చెట్టి ఈ సంగతిని పట్టుకున్నాడు. 1853లో వచ్చిన బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు డాన్‌బీ సీమోర్‌ను వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పి రైతుల నోటనే వారి బాధలు వినిపించాడు. మరుసటి ఏడాది ఆ విషయం లండన్ సభలో ప్రస్తావనకు వచ్చింది. ఫలితంగా ఏర్పడిన చిత్రహింసల కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది, చిత్రహింస ఉన్నదని అంగీకరించింది. మద్రాసు పోలీసు వ్యవస్థను 1859 చట్టంతో పునర్నిర్మించడానికి ఉన్న కారణాలలో అది ఒకటి. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం చెల్లదన్న సూత్రం 1872 సాక్ష్య చట్టంలో స్థిరపడి నేటి చట్టంలోనూ కొనసాగుతోంది.

లక్ష్మీనరసు చెట్టి విజయంలోనే ఒక చిక్కు దాగి ఉంది. రైతు మాట్లాడగలిగాడు, పైగా అతని వేళ్ళు, వీపు కూడా అతని తరఫున మాట్లాడాయి. చట్టం, పత్రిక, వైద్యుడు చూస్తున్న చోట గాయం కనబడే హింస అధికారికి ప్రమాదకరం. చిత్రహింసల చరిత్రను శోధించిన రాజనీతి శాస్త్రజ్ఞుడు డారియస్ రెజాలి వాదన కూడా ఇదే. ప్రజాస్వామ్యాలలో నిఘా పెరిగేకొద్దీ హింస ఆగకుండా మచ్చలేని పద్ధతులవైపు జరుగుతుందని ఆయన చూపించాడు. 1930లలో అర్జెంటీనా పోలీసుల చేతిలోని పికానా, ఇండోచైనాలోనూ అల్జీరియాలోనూ ఫ్రెంచి సైన్యం వాడిన చేతితో తిప్పే టెలిఫోన్ జనరేటరు ఈ కోవలోనివే. కరెంటు పెట్టిన చోట చర్మంమీద చిన్న గుర్తు మిగిలినా కొన్ని రోజుల్లో మాయమవుతుంది. అప్పటికి మనిషిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టవచ్చు.

ఇది పరాయి పాలకుల దుర్మార్గం మాత్రమే అనుకోవడానికి అండమాన్ చరిత్ర ఒప్పుకోదు. 1933 మేలో నిరాహారదీక్షకు దిగిన మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రాలు బలవంతంగా గొట్టాలతో పాలు ఎక్కించిన కారణంగా మరణించారు. అది కూడా వైద్యం పేరుతో జరిగిందే. 1942 మార్చిలో బ్రిటిష్‌వారు పోయి జపాన్ సైన్యం వచ్చింది, ఆసియా విముక్తి నినాదంతో. అదే జైలును అదే పనికి వాడుకుంది. డాక్టరు, పంజాబీ కవి దివాన్ సింగ్‌ను గూఢచారి నెపంతో బంధించి నెలల తరబడి హింసించగా 1944 జనవరి 14న ఆయన చనిపోయాడు. సుభాస్ చంద్రబోస్ పోర్ట్ బ్లెయిర్‌లో త్రివర్ణ పతాకం ఎగురవేసిన 1943 డిసెంబరు 30న దివాన్ సింగ్ ఆ గోడల లోపలే ఉన్నాడు. జెండా మారినంత సులభంగా లాకప్ గది స్వభావం మారదు.

స్వతంత్ర భారతానికీ ఈ మాట వర్తిస్తుంది. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తరువాత నగరంలోని ముస్లిం యువకులను పదుల సంఖ్యలో పట్టుకెళ్ళారు. తమకు కరెంటు షాకులిచ్చారని వారిలో పలువురు చెప్పారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది విచారణ జరిపి, చిత్రహింస జరిగిందన్న నిర్ధారణకు వచ్చాడు. నిర్దోషులుగా విడుదలైనవారికీ, ఊరికే నిర్బంధించి వదిలినవారికీ ప్రభుత్వం పరిహారం ప్రకటించి చెల్లించింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. నిర్దోషిగా తేలడమే పరిహారానికి అర్హత కాదన్నది అక్కడ నిలిచిన వాదన. మక్కా మసీదు మృతుల కుటుంబాలకూ ఆ యువకులకూ దక్కినదేమిటో లెక్క వేసుకుంటే ఇరువైపులా శూన్యమే కనిపిస్తుంది. హింసతో రాబట్టిన మాటల వెంట దర్యాప్తు తప్పుదారి పడితే బాధితులకు న్యాయం ఎలా జరుగుతుంది?

దేశ చట్టం ఈ విషయంలో ఎక్కడ ఉంది? డీకే బసు కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో అరెస్టు, నిర్బంధ నియమాలను నిర్దేశించింది. 2020 డిసెంబరులో ప్రతి పోలీసు స్టేషన్‌లోనూ కెమెరాలు పెట్టమన్నది. చిత్రహింసల వ్యతిరేక అంతర్జాతీయ ఒప్పందంపై భారతదేశం 1997 అక్టోబరు 14న సంతకం చేసింది, నేటికీ ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన చిత్రహింసల నిరోధక బిల్లు రాజ్యసభ సెలెక్ట్ కమిటీ మీదుగా సాగి, 2014లో సభ రద్దుతో కాలగర్భంలో కలిసింది. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో ధ్రువీకరణను సిఫారసు చేసి ముసాయిదా బిల్లును జతపరిచింది. ఆ బిల్లూ చట్టం కాలేదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు, అండమాన్ శిక్ష అనుభవించి వచ్చిన గాం మల్లుదొర విశాఖపట్నం ప్రతినిధిగా కూర్చున్న లోక్‌సభ వారసత్వం ఇది.

ఆ నివేదికలోని ఒక సిఫారసు మన విషయానికి కీలకం. నిర్బంధంలో ఉన్న వ్యక్తికి గాయమైతే, అది పోలీసులు చేసిందేనని కోర్టు భావించవచ్చునన్న నిబంధన తేవాలని కమిషన్ కోరింది. 1985 నుంచి వినిపిస్తున్న ఈ సూచన న్యాయమైనదే. అయితే దాని తాళంచెవి గాయం. గాయం లేని హింస ముందు ఆ తలుపు తెరుచుకోదు. కిట్టికి జవాబుగా పుట్టిన న్యాయం బ్యాటరీ ముందు నిలబడాలంటే మరికొంత కావాలి. నిర్బంధంలోకి తీసుకున్నప్పుడూ వదిలినప్పుడూ స్వతంత్ర వైద్యపరీక్ష ఉండాలి. ఐక్యరాజ్యసమితి ఇస్తాంబుల్ నియమావళి విద్యుత్ షాక్ గుర్తులను ఎలా పరిశీలించాలో వివరించింది, మన ప్రభుత్వ వైద్యులకు అది పాఠ్యాంశం కావాలి. ఆధునిక టేజర్ ప్రతి ప్రయోగాన్నీ, సమయాన్నీ, వ్యవధినీ తనలోనే నమోదు చేసుకుంటుంది. మన పోలీసులు అలాంటి ఆయుధాలు కొంటే ఆ లెక్క పోలీసు శాఖ బీరువాలో ఉండకుండా కోర్టుకు అందాలి. ఒంటికి ఆనించి నొప్పి పెట్టే పద్ధతిని నిర్బంధంలో ఉన్నవారిపై పూర్తిగా నిషేధించాలి. ఒంటికి తొడిగే షాక్ బెల్టుల వ్యాపారాన్ని ఐరోపా సమాఖ్య 2005లోనే నిషేధించింది. దిగుమతుల విషయంలో మనకూ అలాంటి చట్టం ఉంటే తప్పేమీ లేదు.

శిక్షణ గది వద్దకు మరోసారి వెళ్తే తేడా స్పష్టమవుతుంది. అక్కడి పోలీసుకు ఐదు సెకన్లే అని తెలుసు. ఎవరు ఇస్తున్నారో, ఎందుకు ఇస్తున్నారో తెలుసు. వద్దంటే ఆపే మనుషులు పక్కనే ఉన్నారు. అతని నుంచి ఎవరూ ఏ మాటా రాబట్టదలుచుకోలేదు. లేచాక ఇంటికి వెళతాడు. ఉల్లాస్కర్‌కు వీటిలో ఏ ఒక్కటీ లేదు. వాడిన యంత్రాలు వేరు కావచ్చు. అయినా యంత్రం చేసే బాధలో ఎంతో భాగం ఆ తెలియనితనంలోనూ, ఆ నిస్సహాయతలోనూ ఉంది. అందుకే పోలీసు తిన్న షాక్ వల్ల అతనికి ఆయుధం పట్ల భయమూ బాధ్యతా కలిగితే మేలే. నేను తిన్నాను, నాకేమీ కాలేదు, వాడికీ ఏమీ కాదు అన్న ధీమా కలిగితే మాత్రం ఆ శిక్షణ ఇవ్వకపోవడమే నయం.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వారి బంధువులనూ కలుపుకొని వేలాదిమంది తెలుగువారు ఏటా సెల్యులర్ జైలును దర్శిస్తారు. 1979 ఫిబ్రవరిలో మొరార్జీ దేశాయి దానిని జాతీయ స్మారకంగా అంకితం చేశారు. అక్కడ కొరడా దెబ్బల చట్రం ఉంది, గానుగ ఉంది, ఉరికొయ్య ఉంది. సందర్శకులు వాటి ముందు నిలబడి ఫొటోలు దిగుతారు, కళ్ళు తుడుచుకుంటారు, అవన్నీ గతించిన కాలానివని ఊరట చెందుతారు. వాటి పక్కన ఆసుపత్రి బ్యాటరీ కూడా ఉండాలి. అది గతించిన వస్తువు కాదు గనుక, దానిని చూసినవారు తమ ఊరి పోలీసు స్టేషన్ గురించి ఒక ప్రశ్న అడిగే అవకాశం ఉంది.